ఎనిమిదో నాటి నీళ్ళు

పిల్లవాడు పుట్టిన మూడో నాడు పొద్దున్నే ద్వామెనా మాస్టారు పెరట్లోకి వచ్చి, అత్తగారి పక్కన గొంతుక్కూర్చున్నాడు. డూఫీ పొత్తిగుడ్డలు ఉతుకుతోంది. అల్లుడు అలా నేల మీదికి దిగి కూర్చున్నాడంటే ఏదో బరువైన మాట మోసుకొచ్చాడని ఆమెకు తెలుసు.

“అత్తయ్యా, మంగళవారం వాడి నాలిక మీద నీళ్ళూ సారా మీరే పెట్టాలి. నేనూ, మీ అమ్మాయి సెర్వా అనుకున్నాం.”

డూఫీ చేతిలోని గుడ్డ తొట్టిలోకి జారింది.

“నేనెందుకు మాస్టారూ? మీ చిన్నాన్న ఉన్నారుగా. పెద్దమనిషి.”

“మా చిన్నాన్న పొద్దున ఒకటి చెప్తాడు, మధ్యాహ్నానికి దాన్నే తిరగేస్తాడు. ఆ గుణం వీడికి అంటితే పెంచడం నావల్ల కాదు.” మాస్టారు నవ్వాడు. తర్వాత నవ్వు తీసేసి అన్నాడు. “పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నారు. మీ నోట ఒక్క వంకర మాట నేను వినలేదు. పెట్టినవాళ్ళ గుణమే పిల్లలకి వస్తుందంటారు. నేను నమ్మననుకోండి. అయినా వస్తే రానీండి, మాకేం చేదా?”

ఆమె సరేననలేదు. కాదనీ అనలేదు. తొట్టిలో గుడ్డ కోసం తడుముతూ ఉండిపోయింది. మాస్టారు దాన్ని ఒప్పుకోలు కిందే జమ వేసుకుని బడికి వెళ్ళిపోయాడు.

వాళ్ళ ఊరు మాంపాంగ్‌లో ఎనిమిదో రోజు దాకా బిడ్డను బిడ్డ అనరు. చుట్టపుచూపుగా వచ్చిన ప్రాణం. ఉంటుందో, చూసి పోతుందో తెలియదు. పేరు పెట్టరు, గడప దాటించరు. ఎనిమిదో నాడు తెల్లవారేటప్పుడు బయటికి తెచ్చి, పదిమందిలో నాలిక మీద నీళ్ళ చుక్క వేస్తారు. నీళ్ళన్నప్పుడు నీళ్ళే అను, అంటారు. తర్వాత సారా చుక్క వేస్తారు. సారా అన్నప్పుడు సారాయే అను, అంటారు. అక్కడి నుంచి ఆ బిడ్డ మనిషి.

మాస్టారు పాత పద్ధతుల్లో చాలా వాటిని వదిలేశాడు గాని దీన్ని వదల్లేదు. ఇందులో దేవుడి పనేమీ లేదని, ఉన్నదల్లా మాటేననీ చెప్పేవాడు.

ఆ ఇంట్లో దేవుడు లేడు. ఆదివారం ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చికి పోతుంటే మాస్టారు కోళ్ళగూడు బాగుచేసుకునేవాడు. పూర్వీకులకని నేల మీద సారా ఒంపడమూ లేదు. పట్టపగ్గాలు లేని ఇల్లని ఊరు అనుకునేది. నిజానికి ఉన్నన్ని పగ్గాలు ఆ ఇంట్లోనే ఉండేవి. ఎడమ చేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకూడదు. పెద్దవాళ్ళు కూర్చున్న చోటికి వెళ్తే కుడివైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పలకరించాలి. శనివారం పొద్దున వీధి చివర చూపు లేని ముసలాయన వాకిలి ఊడ్చి రావాలి. తొమ్మిదేళ్ళ కూతురు బిరాగో “ఎందుకు?” అని అడిగితే, దేవుడు చూస్తున్నాడని చెప్పి తప్పించుకునే వీలు లేదు గనక, మాస్టారు ప్రతిదానికీ కారణం వెతికి చెప్పేవాడు. వెతికినా దొరక్కపోతే “మా అమ్మ అలా చేసేది. చూస్తే బావుండేది” అనేవాడు.

సాయంత్రం భోజనం ముందు ఒక్కొక్కరూ ఆ రోజు జరిగిన ఒక్క నిజం చెప్పాలి. చిన్నదైనా సరే. గోడవతలి పొకువాకి ఇది ఎంత విన్నా తీరని వింత.

“అక్కా, మీ ఇంట్లో ప్రార్థన బదులు సాక్ష్యం చెప్పిస్తారటగా,” అనేది డూఫీతో. “అది ఇల్లా, కోర్టా? రేపు ఉప్పు ఎక్కువైతే శిక్ష కూడా వేస్తారా?”

“వేస్తారు. నిన్ను పిలిచి తినిపిస్తారు,” అనేది డూఫీ.

డూఫీ దేవుణ్ణి వదిలిన మనిషి కాదు. ఎవరూ చూడనప్పుడు గడప దగ్గర రెండు చుక్కల నీళ్ళు ఒంపుకునేది. మాస్టారికి తెలిసినా ఏమీ అనేవాడు కాదు. ఆమె ఈ ఇంట్లో ఉండిపోయిన కొత్తల్లో ఒక్కటే అడిగాడు. “మీ నమ్మకాలు మీవి అత్తయ్యా. పిల్లలకి మాత్రం ఏదీ అబద్ధం చెప్పొద్దు.” ఆమె అలాగేనంది. అలాగేనన్న రోజుకే ఆ పెరట్లో, నారింజ చెట్టు కింద, ఒక అబద్ధం రాయి కింద పడుకుని ఉంది.

రాయి మీద ఉలితో చెక్కిన పేరు అక్యా. మాస్టారి తల్లి పేరు. సెర్వా తొలి కాన్పు ఆడపిల్ల, ఆరు రోజులుంది. ఎనిమిది నిండని బిడ్డకు పేరేమిటని ఊరంతా ముక్కున వేలేసుకున్నా మాస్టారు వినలేదు. ఉన్నది ఆరు రోజులైనా ఉంది కదా, అన్నాడు. ఏటా ఆ రోజున భార్యనీ కూతుర్నీ రాయి దగ్గరికి తీసుకొచ్చేవాడు. ప్రార్థన లేదు, పాట లేదు. “ఇది మీ అక్క. ఆరు రోజులు బతికింది. ఎడమ బుగ్గ మీద సొట్ట ఉండేది. ఆవులిస్తే ముఖమంతా ఎర్రబడేది,” అని చెప్పేవాడు. బిరాగో ఆ ఏడాది తను నేర్చుకున్నవి చెప్పేది. సైకిలు, ఎక్కాలు, ఉడికిన దుంపలు ఫుఫుగా దంచేటప్పుడు రోకలి కింద చేయి పెట్టి ముద్ద తిప్పడం. “అక్క వినదు. మనం వింటాం,” అని మాస్టారు ప్రతి ఏడూ గుర్తు చేసేవాడు. డూఫీ వెనకాల నిలబడి, తలకు కట్టిన గుడ్డ అంచు పళ్ళ మధ్య పెట్టుకునేది.

ఎందుకంటే రాయి కింద అక్యా లేదు.

అక్యా పుట్టిన ఆరో రోజు సెర్వాకి జ్వరం మండిపోతుంటే మాస్టారు లారీలో కుమాసీ ఆసుపత్రికి తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి పసిది డూఫీ ఒళ్ళోనే చల్లబడింది. కబురు పంపితే మాస్టారి దగ్గర్నుంచి తిరుగు కబురు వచ్చింది. చిన్న పెట్టె చేయించండి, రేపు నేనొచ్చి నా చేత్తో పూడుస్తాను, పేరు అక్యా. డూఫీ ఎరిగిన పద్ధతిలో అది కూడదు. ఎనిమిది నిండకుండా పోయిన బిడ్డను ఏడ్చి సాగనంపకూడదు. ఏడిస్తే రుచి మరుగుతుంది. మళ్ళీ అదే కడుపున పడి, మళ్ళీ అలాగే పోతుంది. ఆమె తల్లికి అలా ముగ్గురు పోయారు. ముగ్గురూ ఒక్కరేనని ఊళ్ళో చెప్పుకున్నారు. అలాంటి బిడ్డను పాత కుండలో పెట్టి పెంటదిబ్బ మీద వదిలిరావాలి. వచ్చి వేరుశనగ పులుసు తాగి నవ్వాలి. నీ రాకతో మాకు పనిలేదని దానికి తెలియాలి.

వడ్రంగి పెట్టె తెచ్చి ఇచ్చాడు. డూఫీ అందులో గుడ్డ చుట్టిన అరటి బోదె పెట్టి మేకులు కొట్టించింది. మర్నాడు మాస్టారు వచ్చి, “ఒక్కసారి చూస్తాను, తెరవండి,” అన్నాడు. “వద్దు నాయనా, ముఖం మారిపోయింది,” అంది. అతను మారుమాట్లాడకుండా ఆ పెట్టెను భుజాన పెట్టుకుని, పొలంలోంచి వచ్చేవాడిలా వంగి, నారింజ చెట్టు దాకా నడిచాడు. ఆ నడక డూఫీ కళ్ళ ముందు నుంచి పోలేదు.

రెండేళ్ళకు బిరాగో పుట్టింది, నిలిచింది. చేసింది మంచికేనని డూఫీ తనకు తాను చెప్పుకుంది. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పసిది ఆమె కళ్ళల్లో పెరుగుతూ వచ్చింది. బడి వదిలిన పిల్లల గుంపులో ఒక పిల్ల ఎడమ బుగ్గ సొట్టతో నవ్వితే డూఫీ అక్కడే నిలబడిపోయేది. ఇప్పుడు పదకొండేళ్ళుండేది, ఇంత ఎత్తుండేది, అని చేయి గాలిలో లేచేది. పట్టపగలు ఎండలో మిరపకాయలు ఆరబోస్తుంటే లారీల అడ్డా వైపు నుంచి పసిబిడ్డ ఏడుపు సన్నగా వినిపించేది. అక్కడ లారీలు కడిగే కుర్రాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. పాత పెంటదిబ్బ అదే. ఊరు పెరిగి, దాన్ని చదును చేసి లారీలు నిలుపుతున్నారు.

ఇప్పుడు ఇన్నేళ్ళకు మగపిల్లవాడు. మంగళవారం పుట్టాడు గనక ఆ రోజు పేరు క్వాబెనా ఎలాగూ వాడిదే. ఎనిమిదో నాటికి సాపోంగ్ అని పెట్టాలని మాస్టారు అనుకున్నాడు. డూఫీకి పేరు పట్టలేదు. రోజులు లెక్కపెడుతోంది. నాలుగు. ఐదు. నిజం ఇప్పుడు చెబితే, పోయినదాని పేరెత్తి ఏడిస్తే, అది విని వస్తుంది. తమ్ముణ్ణి తోడు తీసుకుపోతుంది. చెప్పకపోతే, పదకొండేళ్ళ అబద్ధం ఉన్న నోటితో వాడి నాలికకు నిజం నేర్పాలి. ఎటు తిరిగినా వాడి ప్రాణమో, వాడి మాటో.

ఆరో రోజు ఆదివారం. మధ్యాహ్నం పిల్లవాడు పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. డూఫీ వాడి ముక్కు దగ్గర చేతి వెనకవైపు పెట్టి చూసింది. ఊపిరి తగిలినట్టే ఉంది, తగలనట్టూ ఉంది. వాడి మడమ పట్టుకుని గట్టిగా గిల్లింది. వాడు కెవ్వుమన్నాడు. సెర్వా ఉలిక్కిపడి లేచింది.

“ఏమైందమ్మా?”

“దోమ కుట్టింది,” అంది డూఫీ.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. గొంతు తడబడలేదు, కన్ను వాలలేదు. గుమ్మంలో బిరాగో ఒక కాలి మీద నిలబడి చూస్తోంది.

సాయంత్రం గిన్నెల చుట్టూ కూర్చున్నారు. తన వంతు రాగానే బిరాగో చెప్పింది. “ఇవాళ అమ్మమ్మ తమ్ముణ్ణి గిల్లింది. గిల్లి దోమ అంది.”

మాస్టారు నవ్వాపుకుంటూ అత్తగారి వైపు తిరిగాడు. “అత్తయ్యా, మీ మీద ఫిర్యాదు. నిజమేనా?”

“నిజమే.”

“ఎందుకు గిల్లారు?”

“ఊపిరి ఉందో లేదోనని.”

ఎవరూ నవ్వలేదు. మాస్టారు చేతిలో ముద్ద గిన్నెలో వదిలేశాడు. “ఆరో రోజు కదా,” అన్నాడు మెల్లగా. “మేమూ లెక్కపెడుతున్నాం అత్తయ్యా. మీరొక్కరే అనుకోకండి. రేపు బడి నుంచి రాగానే అక్యా దగ్గరికి వెళ్దాం. తమ్ముడు పుట్టాడని చెప్పాలిగా.”

కోప్పడి ఉంటే ఓర్చుకునేది. ఆ దయను ఓర్చుకోలేకపోయింది. ఆ రాత్రి నిద్రలో బిరాగో ఎప్పటిలాగే వచ్చి ఆమె చాప మీదకు దొర్లింది. రేపటి నుంచి దొర్లదేమోనని డూఫీ ఆ చిన్న భుజం మీద చేయి వేసి ఉంచింది.

సోమవారం మూడింటికి మాస్టారు వచ్చాడు. చొక్కా మార్చుకుని, బిరాగోని వెంటబెట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళాడు. పచ్చి బాలింత గనక సెర్వా పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. మాస్టారు రాయి మీద ఆకులు తుడిచి నోరు తెరవబోయాడు.

“దానికి చెప్పకండి మాస్టారూ,” అంది డూఫీ. “అది అక్కడ లేదు.”

అతనికి అర్థం కాలేదు. “తెలుసు అత్తయ్యా. పోయినవాళ్ళు ఎక్కడా ఉండరు.”

“అది కాదు. పెట్టెలో పెట్టింది అరటి బోదె. పిల్లని నేను అంతకు ముందే పాత దిబ్బ మీదికి తీసుకుపోయాను. కుండలో పెట్టి వచ్చాను. మీకు చూపించకుండా మేకులు కొట్టించాను.”

మాస్టారు బడిలో తప్పు లెక్క చూసినట్టు ఆమె ముఖంలోకి చూశాడు. ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు.

“ఎవరికైనా చెప్పారా?”

“లేదు.”

“సెర్వాకి?”

“లేదు.”

సెర్వా అప్పటికే పిల్లవాణ్ణి ఎత్తుకుని గడప దాకా వచ్చేసింది. గడప దాటకూడదని గుర్తొచ్చి అక్కడే ఆగింది. గొంతు పెంచలేదు.

“అమ్మా, ఆసుపత్రి నుంచి వచ్చాక పాలు పొంగి రొమ్ములు గడ్డలు కట్టాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ రాయి మీద పిండేదాన్ని. నువ్వే చేయి పట్టుకుని తీసుకెళ్ళేదానివి.”

డూఫీ తల వంచుకుంది.

“బోదెకా పోశాను?”

సెర్వా లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చింది.

మాస్టారు చొక్కా విప్పి కొమ్మకు తగిలించాడు. పార తెచ్చి రాయి పక్కకు దొర్లించి తవ్వడం మొదలుపెట్టాడు. బిరాగోని లోపలికి పొమ్మని డూఫీ సైగ చేస్తే, “ఉండనీండి,” అన్నాడు. ఎర్రమట్టి గట్టిగా ఉంది. చప్పుడు విని గోడ మీద నుంచి పొకువా తల పైకొచ్చింది.

“మాస్టారూ, రేపు పిల్లాడి పండగ పెట్టుకుని ఇవాళ ఈ మట్టి పనేంటి? ఏం నాటుతున్నారు?”

“ఏమీ నాటడం లేదు.”

“మరి?”

“ఉందో లేదో చూస్తున్నాను.”

పొకువా ఇంకేదో అనబోయి, డూఫీ ముఖం చూసి దిగిపోయింది.

నడుములోతులో మేకులు తగిలాయి. పది పన్నెండు, తుప్పు పట్టి మట్టితో కలిసిపోయినవి. చెక్క పొడి అయిపోయింది. నల్లబడిన గుడ్డ పీలిక ఒకటి. ఇంకేం లేదు. మాస్టారు గుంతలో మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని వేళ్ళతో జల్లించాడు. పదకొండేళ్ళ వానల్లో అరటి బోదె మిగలదు. ఆరు రోజుల పసికందు ఎముకలూ ఈ మట్టిలో మిగలవు. అందులో ఏముండేదో ఇక ఎవరూ తేల్చలేరు. ఉన్నదొక్కటే, అత్తగారి మాట. ఆ మాట మీద అతను అలా మట్టిలో కూర్చుని ఉండిపోయాడు.

“దేవుణ్ణి నమ్మని నేను ఈ రాయినెందుకు అంతలా పట్టుకున్నానంటారు?” అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. డూఫీని అడిగినట్టు లేదు.

ఆ సాయంత్రం సెర్వా లేచి వచ్చి కూర్చుంది గాని ముద్ద ముట్టలేదు. నిజం ఎవరు మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. బిరాగోయే తండ్రిని అడిగింది.

“నాన్నా, మరి ప్రతి ఏడూ నేను ఎవరికి చెప్పాను?”

“ఎవరికీ కాదమ్మా. మొదటి నుంచీ అదే చెప్పాగా.”

“చెప్పావు. కానీ ‘ఇది మీ అక్క’ అన్నావు.”

మాస్టారు ఒప్పుకున్నట్టు తలాడించాడు. “అన్నాను. తెలియక అబద్ధం చెప్పాను. తెలియక చెప్పినా నీకు చెప్పింది నేనే.”

“రేపు మా అమ్మ చెయ్యి నా కొడుకు నోటి దగ్గరికి రానివ్వను,” అంది సెర్వా.

“నేనూ పెట్టను,” అన్నాడు మాస్టారు. “నాకూ ఆ అర్హత పోయింది.”

డూఫీ లేచి వెళ్ళి మూట కట్టుకోవాలా అని ఆలోచించింది. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. గిన్నెలు తీసి కడిగింది.

ఆ రాత్రి బిరాగో చాప తల్లి గదిలోకి మారింది. తనే చుట్టి చంకన పెట్టుకుని తీసుకుపోయింది. పిల్లవాడికి తోడుంటానంది. డూఫీ ఒక్కతే పడుకుని ఎదురుచూసింది, పోయినదాని కోసం. పేరెత్తారు, ఏడ్చారు, గుంత తవ్వి పిలిచినంత పని చేశారు. ఇంక రావడమే తరువాయి. గోడవతల పిల్లవాడు కదిలినప్పుడల్లా లేచి కూర్చుంది. అటు వెళ్ళి ముక్కు దగ్గర చేయి పెట్టే హక్కు ఇప్పుడు లేదు.

తెల్లవారింది. పిల్లవాడు బతికే ఉన్నాడు. పాల కోసం ఇల్లెగరగొడుతున్నాడు.

తెల్లబట్టలు కట్టుకుని ముప్పై నలభైమంది వాకిట్లో చేరారు. మాస్టారి చిన్నాన్న ముందు వరుసలో కూర్చుని, తనను పిలుస్తారని గొంతు సవరించుకున్నాడు. సెర్వా గడప దాటి పిల్లవాణ్ణి తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. నీళ్ళ గిన్నె, సారా గిన్నె బల్ల మీద ఉన్నాయి.

“బిరాగో,” అని పిలిచాడు మాస్టారు.

గుంపులో గుసగుస లేచింది. చిన్నాన్న అయితే పైకే అన్నాడు. “తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం తెలుసురా? ఇదేమన్నా నీ బడా?”

“నిన్నటి దాకా ఈ ఇంట్లో అబద్ధం చెప్పనిది అదొక్కతే బాబాయ్.”

బిరాగో వచ్చింది. ముందు కుడివైపు నుంచి పెద్దవాళ్ళందరినీ పలకరించుకుంటూ వచ్చింది. వెనక వరుసలో నిలబడ్డ డూఫీ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. మర్యాద తప్పకుండా, చేయి తగలనివ్వకుండా, మోకాలు వంచి దండం పెట్టి ముందుకు పోయింది. కుడి చేతి వేలు నీళ్ళలో ముంచి తమ్ముడి నాలిక మీద పెట్టింది.

“నీళ్ళంటే నీళ్ళే అను.”

వాడు చప్పరించాడు. సారా చుక్కకు ముఖం ముడుచుకుని ఏడ్చాడు. అందరూ నవ్వారు.

“సారా అంటే సారాయే అను. క్వాబెనా సాపోంగ్.” ఆగి, ఎవరూ నేర్పని మాట ఒకటి చేర్చింది. “తెలియకపోతే తెలియదను.”

డూఫీ అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఎనిమిదో రోజు వచ్చింది. పిల్లవాడు మనిషయ్యాడు. ఎవరూ రాలేదు, ఎవరినీ తీసుకుపోలేదు. ఏడ్చినా ఏమీ కాలేదు. ఆ సంతోషం అడుగున ఇంకొకటి చల్లగా తగిలింది. ఏమీ కాదన్నమాట. ఆ రోజూ ఏమీ అయ్యేది కాదన్నమాట. అతను కోరినట్టు ఆ పసిదాన్ని పెట్టెలో పడుకోబెట్టి, నారింజ చెట్టు కింద దాని పేరుతో దాన్ని ఉంచి, తల్లి పాలు తల్లి బిడ్డ మీదే పడనిచ్చి ఉంటే, ఏమీ అయ్యేది కాదు.

భోజనాలయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోతున్నారు. బిరాగో చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడింది.

“అమ్మమ్మా, అక్కని ఎక్కడ పెట్టావో చూపించు.”

ఇద్దరూ నడిచారు. ఎప్పుడూ అమ్మమ్మ చిటికెన వేలు పట్టుకునే పిల్ల, ఇవాళ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. అడ్డాలో కుర్రాళ్ళు లారీ టైర్ల మీద నీళ్ళు కొడుతున్నారు. నేలంతా నూనె మరకలు, బురద. డూఫీ అటూ ఇటూ చూసింది. అప్పుడొక చింకి ఈత పొద ఉండేది. పక్కన పాత బావి ఉండేది. ఏదీ లేదు.

“ఇక్కడా?”

“ఇక్కడే ఎక్కడో.”

“ఏ లారీ కింద?”

డూఫీ నోటి దాకా ఒక మాట వచ్చింది. అదిగో ఆ నీలం లారీ కింద, అనవచ్చు. అంటే పిల్ల ఊరుకుంటుంది. ఏటా ఇక్కడికే వచ్చి నిలబడుతుంది.

“తెలియదమ్మా,” అంది. “గుర్తు లేదు.”

బిరాగో చాలాసేపు చూసింది. ఎటు తిరిగి నిలబడాలో పిల్లకు అర్థం కాలేదు. ఒక లారీ హారన్ కొడితే పక్కకు జరిగింది.

“కుండ తల మీద పెట్టుకుని తీసుకొచ్చావా?”

“కుండ ముందే తెచ్చి దాచాను. దాన్ని…” ఈ ముక్క మాస్టారికి చెప్పలేదు. సెర్వాకి చెప్పలేదు. “వీపున కట్టుకొచ్చాను. బతికున్న పిల్లని కట్టుకున్నట్టే. దారిలో పొకువా ఎదురైంది. పిల్ల నిద్రపోయిందా అక్కా, అనడిగింది. నిద్రపోయింది, అన్నాను.”

“బరువుందా?”

“లేదు. చల్లగా ఉంది. ఎండలో నడిచి వచ్చినా వీపు చల్లగానే ఉంది.”

బిరాగో ఇంకేమీ అడగలేదు. పోదాం, అన్నట్టు పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. డూఫీ ముందు నడిచింది. పిల్ల పక్కకు వస్తుందని పది అడుగులు నెమ్మదిగా వేసింది. రాలేదు. చెప్పుల చప్పుడు వెనకే వస్తోంది, దగ్గరవదు, దూరమూ కాదు. తిరిగి చూస్తే ఆగిపోతుందేమోనని డూఫీ తిరిగి చూడలేదు. ఆ రెండు కళ్ళూ తన వీపు మీదే ఉన్నాయని తెలుస్తూనే ఉంది. ఇంటి దాకా అలాగే నడిచింది.